మా బావగారి ఆసనం

మొన్న కొవ్వూరులో రైలెక్కి రాజమండ్రి వస్తూ, వంతెన సగం దాటాక నాలో నేను నవ్వుకోవడం మొదలుపెట్టాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆ నవ్వు ఆగలేదు. వంతెన మీద అందరూ గోదారికి దణ్ణం పెట్టుకుంటారు గానీ ఇలా నవ్వరు కదా, ఎదురుగా కూచున్న పెద్దావిడ కాస్త పక్కకి జరిగింది.

“ఏమ్మా, ఏంటలా నవ్వుకుంటున్నారు?” అని అడిగింది ఆఖరికి.

నేను బల్ల కిందకి చూపించాను. పెట్టెలో మేం కూచున్న బల్లల కాళ్ళన్నిటినీ నేలకి ఇనప మరలతో బిగించేశారు. “పోయిన మా బావగారు గుర్తొచ్చారండి,” అన్నాను.

ఆవిడ మొహం మెత్తబడిపోయింది. “పాపం, ఎంత ఆపేక్షగా చూసుకునేవారో,” అంది.

ఆపేక్ష కాదు, మరలు. ఆ మాట పైకి అనలేదు. గోదారి అవతలి ఒడ్డు వచ్చేలోగా చెప్పి ముగించే కథ కాదది.

మా అక్కయ్య భర్త రాజమండ్రి కోర్టులో ప్లీడరు. గెలిచిన దావాలు ఎన్నో నాకు తెలీదు గానీ, ఓడిన ప్రతి దావాకీ ఆయన దగ్గర ఒకే కారణం సిద్ధంగా ఉండేది. ఆ రోజు కోర్టులో ఆయనకిచ్చిన కుర్చీ ఊగిందట. “కూర్చున్న చోటు స్థిరంగా లేనివాడికి మాట ఎక్కణ్ణించి స్థిరంగా వస్తుంది?” అనేవారు. ఎదటి పక్షం ప్లీడరు కూచున్నదీ అలాంటి కుర్చీయే కదా అని ఎవరూ అడగలేదు. నేను ఒకసారి అడిగాను. మరదల్ని కాబట్టి చెల్లింది. “వాడు బరువైన మనిషి,” అన్నారు బావగారు.

ఎక్కడ కూచోవలసి వచ్చినా ముందు రెండు అరచేతులతో నొక్కి చూసేవారు. నొక్కి, పెదవి ఒక పక్కకి తిప్పి, ఒక కాలు ఎత్తి కాసేపు ఆలోచించి, అప్పుడు కూచునేవారు. కుర్చీ దగ్గర ఈ తతంగం సరే. పెళ్ళి పంక్తిలో పీట దగ్గరా ఇంతే. పక్కన వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడేవాళ్ళు. నేల మీద పరిచిన చాపని కూడా నొక్కి చూడడం నేను కళ్ళారా చూశాను.

ఆ రోజుల్లో బళ్ళలో కూచోడానికి ఆసనాలేమిటి? గూడు బండిలో గడ్డి పరిచి, మీద జంపఖానా వేసి, అందరం కాళ్ళు ముడుచుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ లేస్తూ పోయేవాళ్ళం. బావగారికి అది నచ్చలేదు. “మూటకీ మనిషికీ తేడా ఏమిటో చెప్పు,” అని నన్నడిగారు ఒకసారి. చెప్పేలోగా తనే చెప్పారు: “మూట పడేసిన చోట పడుంటుంది. మనిషి కూర్చుంటాడు.”

ధవళేశ్వరంలో ఒక కమ్మరినీ ఒక వడ్రంగినీ పట్టుకుని, వాళ్ళ ప్రాణాలు చాలా నెలలు తోడి, ఒక వస్తువు చేయించారు. టేకు కుర్చీ. చేతులున్నాయి, ఎత్తయిన వీపు పలక ఉంది, దాని నెత్తిన చెక్కిన హంస ఉంది. బండి నేలకి నాలుగు ఇనప గూళ్ళు బిగించి ఉండేవి. కుర్చీ కాళ్ళు ఆ గూళ్ళలో దిగేవి. ఒక్కో కాలికీ ఒకదాని మీద ఒకటి నాలుగు బెజ్జాలు. కావలసిన బెజ్జంలో ఇనప చీల దూర్చితే ఆ ఎత్తున కుర్చీ నిలబడేది. పై బెజ్జంలో దూర్చితే కిందికి దిగేది, కింది బెజ్జంలో దూర్చితే పైకి లేచేది. ఇది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది, బండి తోలే వెంకన్నకి చివరిదాకా అర్థం కాలేదు. నడుముకి చుట్టుకోడానికి ఒక తోలు పటకా. చీలలు లాగేస్తే కుర్చీ ఊడి వచ్చేది. దాన్ని జట్కాకో పడవకో మార్చుకోవచ్చు, వాటికీ అలాంటి గూళ్ళు బిగిస్తే.

“ఊడదీయడం రెప్పపాటు పని,” అనేవారు బావగారు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో ఆ హంసకే తెలియాలి.

ఆయన దాన్ని ఆసనం అనేవారు. కోర్టులో స్నేహితుల దగ్గర సీటు అనేవారు. వెంకన్న పీట అనేవాడు. అన్న ప్రతిసారీ బావగారు “ఆసనంరా” అని దిద్దేవారు, వాడు “అదేనండి, పీట” అనేవాడు. అక్కయ్యా నేనూ మాత్రం వంటింట్లో సింహాసనం అనుకునేవాళ్ళం.

కుర్చీ ఎత్తుకి బండి మీది గూడు ఆయన తలకి తగిలింది. కుర్చీ తగ్గిస్తారని మీరనుకుంటారు. గూడు పీకించేశారు. గూడు పోతే ఎండ కదా? ఆయనకి గొడుగు ఉంది. గొడుగు పట్టుకోడానికి కుర్చీ చేతికి ఇంకో ఇనప గూడు కూడా పెట్టించారు. అక్కయ్య సంగతా? కుర్చీ బండి మధ్యలో ఠీవిగా నిలిస్తే మిగిలిన జాగా బండి వెనక అంచు. మా అక్కయ్య ఆ అంచున కాళ్ళు వేలాడేసుకుని, ఒడిలో బుట్టలు పెట్టుకుని, చెంగు నెత్తిన వేసుకుని, ఎండలో వెనక్కి చూస్తూ ప్రయాణం చేసేది. ఆయన ఎక్కడికి వెళుతున్నారో ఆయన చూసేవారు. ఎక్కణ్ణించి వచ్చారో అక్కయ్య చూసేది.

ఎత్తు మార్చుకునే ఏర్పాటు ఎందుకో నాకు మొదట తెలీలేదు. తరవాత తెలిసింది. పల్లెల్లోకి పోతున్నప్పుడు కరణమో మునసబో బండి పక్కన నడిచి వస్తూంటే ఆసనం పైకి లేచేది. జిల్లా మునసబు గారి బండి ఎదురైతే మధ్యస్థంగా ఉండేది. ఇంక దొర ఎదురైతే మన వాళ్ళు బండి దిగి గొడుగు మూసి నిలబడాలి. బావగారు దిగడానికి ఇష్టపడలేదు, దిగకపోవడానికి ధైర్యం చాలలేదు.

“దిగడం అంటే దిగడమే కదా,” అన్నారు. “బండి దిగాలని ఎక్కడుంది? ఆసనంతో సహా దిగితే సరిపోతుంది.”

ఆ రోజు బండి వెనక అంచున అక్కయ్య పక్కన నేనూ ఉన్నాను. ధవళేశ్వరం రోడ్డు మీద సబ్ కలెక్టరు దొర గుర్రబ్బండి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. “వెంకన్నా, పై బెజ్జం!” అన్నారు బావగారు, గొడుగు మూస్తూ. వెంకన్న ఎడ్లని ఆపి వెనక్కి ఎగబాకి చీలలు లాగాడు. నాలుగూ ఒక్కసారే లాగాడు. ఏ బెజ్జంలో తిరిగి దూర్చాలో ఆలోచించేలోగా ఆసనం మా ప్లీడరు గారితో సహా దభీమని బండి నేలకి దిగిపోయింది. బండికి రెండు పక్కలా కర్రల కంచె ఉండేది. ఆ కంచె పైన తలపాగా ఒకటి కనిపించింది, అంతే. దొర బండి ఆపలేదు. ఖాళీ బండికి తలపాగా పెట్టి ఊరేగిస్తున్నారనుకుని ఉంటాడు.

“ఎంత వినయంగా దిగానో చూశావా?” అన్నారు బావగారు లోపలినుంచి. అక్కయ్య చెంగు మొత్తం నోట్లో కుక్కుకుంది.

ఇంకోసారి కాలవ మీద అమలాపురం వెళ్తున్నాం. పడవ సరంగు తన పడవకి బెజ్జాలు పెట్టనివ్వలేదు. “అడుగు పలకకి బెజ్జం పెడతానంటారేంటండీ బాబూ! మునిగితే మీ పీట ఒక్కటే తేలుతుంది,” అన్నాడు. బావగారు చట్టం చెప్పారు. సరంగు నీళ్ళు చూపించాడు. ఆఖరికి పడవ టాపు మీద ఉన్న కర్రలకి ఆసనాన్ని తాళ్ళతో కట్టించుకుని, అన్నిటికన్నా ఎత్తు మీద, పటకా బిగించుకుని కూచున్నారు. కింద మేమంతా చల్లగా నీడన ఉన్నాం. కాలవ వంతెన దగ్గరికి రాగానే సరంగు “వంగండి! వంగండి!” అని కేకేశాడు. పటకా వల్ల ఆయన లేవలేరు, కిందకి జారలేరు. నడుము మీంచి ముందుకి ఎంత వంగగలరో అంత వంగారు. వంతెన ఆయన తలపాగాని తీసుకుంది, హంస మెడని విరిచింది, వీపు పలకని పొడుగునా గీసింది. ఆయన్ని మాత్రం వదిలిపెట్టింది. వంతెన అవతల వెలుతురులో తల ఎత్తి, బోడి నెత్తి తడుముకుంటూ ఆయన అన్న మొదటి మాట: “కట్టినవాడికి లెక్క తెలీదు. వంతెన ఎత్తు తక్కువ.”

ఇలాంటివి ఎన్నయినా చెప్పగలను, చెప్పి నవ్వించగలను కూడా. అసలు సంగతి అది కాదు.

ఆత్రేయపురం దగ్గర మా మేనమామ గారింట్లో పెళ్ళయింది. మా వారు బడికి సెలవు దొరక్క రాలేదు. బావగారి బండిలోనే అక్కయ్యా నేనూ వెళ్ళాం, ఆ బండిలోనే పొద్దున్నే తిరుగు ప్రయాణమయ్యాం. ముందు రోజు గట్టి వాన. కాలవ గట్టు మీద రోడ్డు అక్కడక్కడా కుంగిపోయి ఉంది. బావగారు మధ్యలో ఆసనం మీద, వెనక అంచున మేమిద్దరం. అక్కయ్య ఒడిలో పూతరేకుల బుట్ట. అత్తయ్య వాటిని చితక్కుండా తీసుకెళ్ళమని మరీ మరీ చెప్పింది. అందుకని రెండు చేతులతో బుట్టనే పట్టుకుంది. నేను మాత్రం భయస్థురాల్ని, కుర్చీ కాలు పట్టుకుని కూచున్నాను.

ఒక చోట కుడి చక్రం గోతిలో దిగి, ఎడ్లు బెదిరి ఒక్కసారి గుంజాయి. బండి వెనక భాగం గాల్లోకి లేచి కింద పడింది. నా పక్కన చోటు ఖాళీ అయింది. ఎండు పుల్ల విరిచినట్టు ఒక చప్పుడు వినిపించింది. అది బండిది అనుకున్నాను.

“చూశావా మరదలా!” అన్నారు బావగారు పైనుంచి, సంతోషం పట్టలేక. “అంగుళం కదల్లేదు! గూడు లేని బండి, ఇంత గొయ్యి, అంగుళం!”

“బావగారూ,” అన్నాను. “అక్కయ్య పడిపోయింది.”

ఆయన తిరిగి చూడబోయారు. పటకా తిరగనివ్వలేదు. దాన్ని విప్పడానికి ఆయన వేళ్ళు తడబడ్డాయి. ఆ కాస్త సేపూ వెనక ఏం జరిగిందో తెలీక ముందుకే చూస్తూ “ఏమైంది? ఏమైంది?” అంటూనే ఉన్నారు. నేను దూకేశాను. అక్కయ్య రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. తొడ ఎముక ఉండాల్సిన తీరులో లేదు. ఏడవలేదు. ఊపిరి పైకి లాగి, అక్కడే పట్టుకుని ఉండిపోయింది. పూతరేకులు గట్టంతా చెదిరి గాలికి ఎగురుతున్నాయి.

అబద్ధం ఎందుకు చెప్పాలి, దిగి వచ్చి ఆ కాలు చూసినప్పుడు బావగారి మొహంలో నెత్తురు లేదు. కానీ నోటికి వచ్చిన మాట: “పట్టుకుని కూర్చోవద్దా?”

“దేన్ని పట్టుకోమంటారు?” అన్నాను. “ఆ వెనక అంచున పట్టుకోడానికి మీ కుర్చీ తప్ప ఏముంది?”

వెంకన్నా నేనూ అక్కయ్యని ఎత్తి బండిలో పడుకోబెట్టాలనుకున్నాం. కాలు మడవడానికి లేదు. చాచి పడుకోవాలంటే బండి పొడుగంతా కావాలి. మధ్యలో ఆసనం.

“బాబుగారూ, పీట తీసేద్దామండి,” అన్నాడు వెంకన్న.

“ఆసనం,” అన్నారు బావగారు. అప్పుడు కూడా అన్నారు. నేను విన్నాను.

చీలలు లాగాడు వెంకన్న. రాలేదు. ఆ కుదుపుకి గూళ్ళు వంగి, చీలలు బిగుసుకుపోయాయి. బావగారు లాగారు. రాలేదు. రాయి తెచ్చి కొట్టాడు వెంకన్న. “మెల్లిగా! టేకు!” అన్నారు బావగారు. రెప్పపాటు పని కదా, ఎండ నడినెత్తి మీదికి ఎక్కుతూనే ఉంది. అక్కయ్య నెత్తి మీద గొడుగు పట్టుకుని నేను కూచున్నాను. అదే గొడుగు, కుర్చీ చేతి గూట్లోంచి లాక్కున్నాను. అదొక్కటే తేలిగ్గా ఊడి వచ్చింది.

“ఇలా కాదండీ,” అన్నాడు వెంకన్న చెమట తుడుచుకుంటూ. “పక్క ఊళ్ళోంచి గొడ్డలి తెస్తాను. కాళ్ళు నరికేద్దాం.”

అక్కయ్య కళ్ళు తెరిచింది.

“మీయి కాదమ్మా, పీటవి,” అన్నాడు వాడు కంగారుగా.

“నరుకుతావా?” అన్నారు బావగారు, ఆసనానికి అడ్డం నిలబడి. “దీనికి నేను ఎన్నాళ్ళు పడ్డానో తెలుసా నీకు?”

అప్పుడే కాలవలో ఒక నావ వస్తోంది. చేపలు పట్టేవాళ్ళది. ఒకతను గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగుతున్నాడు. పేరు సత్తియ్య అని తరవాత తెలిసింది. అతని భార్య నూకాలు చుక్కాని దగ్గర నిలబడి ఉంది. పొట్టి మనిషి, గొంతు పెద్దది. దూరం నుంచే చూసి “ఏమైందమ్మా? బండి ఎక్కేసిందా?” అని అరిచింది. జవాబు కోసం చూడకుండా నావ ఒడ్డుకి తిప్పేసింది.

దగ్గరికి వచ్చి కాలు చూసి, నాలిక కరుచుకుంది. “బండిలో వద్దమ్మా, బండి కుదుపుకి చచ్చిపోద్ది మనిసి. నావలో ఏసుకుని పోతాం రాండి. వల మీద పడుకోబెడితే మెత్తగుంటాది. బొబ్బర్లంక లాకు దాటి గోదాట్లో పడితే సాయంత్రానికి రాజమండ్రి రేవులో దింపేత్తాం.”

బావగారు నావలోకి చూశారు. తడి వలలు, బుట్టలు, చేప పొలుసు. ముక్కు మీద ఉత్తరీయం వేసుకున్నారు. “అందులోనా? ఆ వాసనలో? మడీ ఆచారం ఉన్న ఇల్లాలిని...” అని నా వైపు తిరిగి, “కాస్త ఓపిక పట్టమను. ఇంకొక్క చీల,” అన్నారు.

పెళ్ళయినప్పట్నించీ మా అక్కయ్య పదిమందిలో ఆయనకి ఎదురు చెప్పగా నేను వినలేదు. రోడ్డు మీద పడుకునే, కళ్ళు ఆకాశం మీంచి తిప్పకుండా అంది:

“విరిగింది నా కాలండీ. కులం కాదు. నన్నెత్తి ఆ నావలో పెట్టండి.”

ఆ మాటతో వెంకన్న రాయి కింద పారేశాడు. జంపఖానా కిందకి దూర్చి, నాలుగు మూలలా పట్టుకుని, నూకాలు “మెల్లిగా, మెల్లిగా” అని అందర్నీ అదిలిస్తూంటే, అక్కయ్యని వలల కుప్ప మీద పడుకోబెట్టాం. నూకాలు ఇంకో రెండు వలలు చుట్టలుగా చుట్టి కాలికి అటూ ఇటూ దన్నుగా పెట్టింది, కదలకుండా. నేను ఎక్కాను. బావగారు గట్టు మీదే నిలబడ్డారు. ఒక కాలు నావ వైపు వేశారు. తిరిగి బండి వైపు చూశారు.

“మీరు పదండి,” అన్నారు. “వెంకన్న ఒక్కడికీ వదిలేస్తే పాడు చేసేస్తాడు. నేను దీన్ని ఊడదీయించుకుని వెనకాలే వచ్చేస్తాను.”

సత్తియ్య తాడు భుజాన వేసుకున్నాడు. నావ కదిలింది.

చాలా దూరం పోయాక నూకాలు అడిగింది, “అయ్యగోరు రాలేదేంటమ్మా?”

“ఆయనకి కూచునే చోటుంది,” అంది అక్కయ్య.

మధ్యాహ్నానికి అక్కయ్య పెదవులు ఎండిపోయాయి. తెచ్చుకున్న మంచినీళ్ళ చెంబు బండిలోనే ఉండిపోయింది. నూకాలు కుండలోంచి కొబ్బరిచిప్పతో నీళ్ళు ముంచింది గానీ, ఇవ్వలేక చేతిలోనే పట్టుకుని నిలబడింది. “గోదారి నీళ్ళేనమ్మా,” అంది సంకోచంగా. అక్కయ్య తల ఎత్తింది. నూకాలు ఒక చేత్తో మెడ కింద పట్టుకుని తాగించింది. తరవాత నేనూ తాగాను. ఈ సంగతి బావగారికి మేం ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా వినడానికి ఆయన లేరు.

రాజమండ్రి రేవులో దిగేసరికి పొద్దు వాలుతోంది. సత్తియ్యా ఇంకో ఇద్దరూ తలుపు చెక్క మీద మోసుకుని దొరసాని డాక్టరమ్మ ఆస్పత్రికి తెచ్చారు. ఆవిడ కాలు సరిచేసి, చెక్కలు వేసి కట్టింది. లేవడానికి చాలా కాలం పడుతుందంది.

బావగారు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. ఆసనంతో వచ్చారు. కూలీవాడు దాన్ని ఆస్పత్రి వరండాలో దింపితే, రెండు చేతులా నొక్కి చూసి, పెదవి తిప్పి, కూచున్నారు. డాక్టరమ్మ బయటికి రాగానే లేచి, చీల ఎందుకు బిగుసుకుందో చెప్పడం మొదలెట్టారు. బెజ్జం కన్నా చీల ఒక పిసరు లావైందిట, ఇనుము ఎండకి సాగిందిట. ఆవిడ ఓపికగా విని, పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో “మీ భార్యకు నొప్పి ఎట్లున్నదో అడిగితిరా?” అంది.

“అడగబోతున్నానండి,” అన్నారు బావగారు.

లోపలికొచ్చి మంచం పక్కన నిలబడ్డారు. ఏదో అనాలని గొంతు సవరించుకున్నారు, ఉత్తరీయం సర్దుకున్నారు, మంచం కోడుని చేత్తో నొక్కి చూశారు. “ఈసారి చీలలు సన్నవి చేయిస్తాను,” అన్నారు. అక్కయ్య గోడ వైపు తిరిగింది.

కాలు అతికింది గానీ మోకాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. పొయ్యి దగ్గర గొంతుకు కూచోలేదు, పీట మీద బాసీపట్టు వేయలేదు. నిలబడి వండేది, నిలబడే తినేది. బావగారి బండి మాత్రం అక్కయ్య మళ్ళీ ఎక్కలేదు. పుట్టింటికి వెళ్ళాలంటే రేవుకి కబురు పంపేది. సత్తియ్య నావ ఉన్న రోజునే ప్రయాణం. ఆయన మొదట కోప్పడ్డారు, తరవాత ఊళ్ళో పరువు సంగతి ఎత్తారు. అక్కయ్య రెండూ వినిపించుకోలేదు. ఆసనం మాత్రం మెడ లేని హంసతో కోర్టుకీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉంది. వెనక అంచు ఖాళీ.

అలా ఒక ఏడాది గడిచింది. ఒకనాడు కూలీవాడు ఇంకో కుర్చీ మోసుకుని వచ్చాడు. చిన్నది. చేతులున్నాయి, వీపు పలక కాస్త వాలుగా ఉంది, ఒక కాలు చాచుకోడానికి ముందుకి జరిగే చెక్క ఒకటి ఉంది. కాళ్ళకి బెజ్జాలు, చీలలు, అన్నీ ఉన్నాయి.

“నీకోసం,” అన్నారు బావగారు, అక్కయ్య వైపు చూడకుండా గోడతో చెబుతున్నట్టు. “బండిలో నా ఆసనం వెనకే బిగించవచ్చు. పటకా కూడా పెట్టించాను.”

“ఇది ఊడి వస్తుందా?” అంది అక్కయ్య.

“వస్తుంది. రెప్ప...” ఆగారు. “కాస్త సేపు పడుతుంది.”

తప్పయిందన్న మాటకి ఆయన నోరు తిరిగేది కాదు. టేకుతోనూ ఇనుముతోనూ చేయించుకొచ్చారు. అక్కయ్యకి అది అర్థం కాకపోలేదనుకుంటాను. కానీ దాన్ని బండిలో పెట్టనివ్వలేదు. పెరటి వసారాలో, వంటింటి గుమ్మం పక్కన, గూళ్ళు బిగించి అక్కడ పెట్టించింది. అక్కడే కూచుని కూర తరుక్కునేది, బియ్యం ఏరుకునేది. బావగారు రోజూ కోర్టుకి పోయే ముందు ఒకసారి వెనక్కి వచ్చి, ఆవిడ లేనప్పుడు దాన్ని నొక్కి చూసి పోయేవారు. ఎలా ఉందని అడిగేవారు కాదు. ఆవిడ చెప్పేది కాదు.

నూకాలు రాజమండ్రి వచ్చినప్పుడల్లా చేపలు అమ్ముకున్నాక వెనక సందులోంచి పెరట్లోకి వచ్చేది. గోడ పక్కన నిలబడి కబుర్లు చెప్పేది. ఆ రోజు నేనూ ఉన్నాను. ఎండలో పడి వచ్చి, మనిషి వడలిపోయి ఉంది. అక్కయ్య కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని పక్కకి జరిగి, “కూచో,” అంది.

“అమ్మో, వద్దమ్మా. బాబుగోరు చూత్తే...”

“చూడనీ. కూచో.”

అక్కయ్య ఆ గొంతుతో అంటే ఇంక కాదనడానికి లేదు. నూకాలు బుట్ట కింద పెట్టి, చీర దులుపుకుని, కుర్చీ అంచున కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏ క్షణాన లేవమంటే ఆ క్షణాన లేవడానికి సిద్ధంగా కూచుంది.

కోర్టులో ఎవరో పెద్ద వకీలు పోయారని ఆ రోజు పని తొందరగా ముగించేశారట. మాకేం తెలుసు? కాళ్ళు కడుక్కోడానికి బావగారు నూతి దగ్గరికి వస్తూ, వసారా ముందు ఆగిపోయారు.

నూకాలు లేవబోయింది. అక్కయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. నేను మనసులో మాటలు వెతుక్కుంటున్నాను. ఆయన ఏమంటే నేనేమనాలో, ఆ నావ సంగతీ ఆ నీళ్ళ సంగతీ అన్నీ ఆ పూట మొహానే చెప్పేయాలని సిద్ధపడ్డాను. బావగారు నూకాలు మొహం చూడలేదు. చేపల బుట్టా చూడలేదు. ఆయన చూపు కుర్చీ కింద ఆగింది. పొట్టి మనిషి కదా, పాదాలు నేలకి ఆనకుండా గాల్లో ఉన్నాయి.

“ఎత్తు ఎక్కువైంది,” అన్నారు.

చెప్పులు విడిచి వసారా ఎక్కారు. మోకాళ్ళ మీద కూచుని, తల నూకాలు పాదాల దగ్గరికి వంచి, ముందు కాలి చీల లాగారు. తేలిగ్గా వచ్చింది. పై బెజ్జంలో దూర్చారు. రెండోది, మూడోది. నాలుగోదానికి ఆమె చుట్టూ పాకవలసి వచ్చింది. ప్లీడరు గారి తలపాగా నూకాలు మోకాలికి తగిలింది. ఆమె ఊపిరి బిగబట్టి మా ఇద్దరి వైపూ చూసింది.

“ఇప్పుడు?” అన్నారు, కిందనుంచే.

నూకాలు పాదాలు నేల మీద ఆనించి చూసుకుంది. “ఇప్పుడు బాగుందండి బాబూ,” అంది. “హాయిగా ఉంది.”

ఆ ముఖం చూడాలి. ఎన్నో ఏళ్ళుగా ఆసనాలూ, చీలలూ, బెజ్జాలూ అంటూ లోకాన్ని విసిగించిన మనిషికి, కూచుని బాగుందని ఒకరు చెప్పడం అదే మొదటిసారి. చిన్నపిల్లాడిలా వెలిగిపోయారు. లేచి, చేతులు దులుపుకుని, అప్పుడు చూశారు నూకాల్ని. బుట్టని చూశారు. తన చేతుల్ని చూసుకున్నారు. వసారా దిగి నూతి దగ్గరికి పోయారు. చేద గిలక కిర్రుమంది. తలపాగా తీసి పక్కన పెట్టి, పంచెతోనే నెత్తి మీద నీళ్ళు కుమ్మరించుకోవడం మొదలెట్టారు. ఒక చేద, ఇంకో చేద, మంత్రం గొణుక్కుంటూ.

అక్కయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు.

మూడో చేద మధ్యలో మంత్రం ఆగింది. నీళ్ళు కారుతూండగానే ఇటు తిరిగి గట్టిగా కేకేశారు:

“వీపు పలక వాలు సరిపోయిందో లేదో అడుగు!”

“నూకాలూ,” అంది అక్కయ్య, నవ్వు ఆపుకుంటూ, “వాలు సరిపోయిందా అని అడుగుతున్నారు.”

అంచున కూచున్న నూకాలు, అప్పుడు మొదటిసారి, మెల్లిగా వెనక్కి జరిగి, వీపంతా ఆనించి, కళ్ళు మూసుకుంది.

“సరిపోయిందని చెప్పండమ్మా,” అంది.